గాజు, గ్లాసు: రెండూ ఒకే మాట నుంచి పుట్టాయా?

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్ళీ చెప్పుకుందాం. మీ అమ్మాయి బడి ప్రాజెక్టు కోసం మాటల పుట్టుక పటం గీస్తోంది. గాజు, గ్లాసు వినడానికి దగ్గరగా ఉన్నాయి, అర్థంలోనూ దగ్గరే. కాబట్టి రెండిటికీ మూలం ఒకటేనా? కాకపోతే స్టీలుతో చేసినదాన్ని కూడా గ్లాసు అని ఎందుకంటున్నాం? బంగారంతో చేసినవాటిని గాజులని ఎందుకంటున్నాం?

మూలం ఒకటి కాదు. గాజు సంస్కృత కాచము నుంచి వచ్చింది. గ్లాసు ఇంగ్లీషు నుంచి వచ్చింది, ఇంగ్లీషుకు అది పాత జర్మానిక్ సొత్తు, అంటే ఇంగ్లీషు, జర్మన్, డచ్చి భాషలున్న కుటుంబానిది. మొదట్లో 'గ' ఉండటం యాదృచ్ఛికం. కానీ మీ రెండో ప్రశ్నలో గొప్ప విషయం ఉంది: ఈ రెండు మాటలూ వేరువేరు దేశాల్లో ఒకే దారిన నడిచాయి. ఇంగ్లీషులో పదార్థం పేరు తాగే పాత్రకు అంటుకుంది. తెలుగులో పదార్థం పేరు చేతికి తొడుక్కునే నగకు అంటుకుంది. ఆ తర్వాత పదార్థం మారినా పేరు వదల్లేదు. స్టీలు గ్లాసు, బంగారు గాజు అలా వచ్చినవే.

ముందు గాజు సంగతి. ప్రకృతి వికృతుల పట్టికల్లో కాచము–గాజు జంట బడిలో చదివే ఉంటారు. సంస్కృతంలో పదం మొదట ఉన్న 'క' తెలుగు తద్భవాల్లో 'గ' కావడం కొత్తేమీ కాదు: కుండము–గుండము, కుడ్యము–గోడ. కన్నడంలో కూడా ఈ పదార్థాన్ని గాజు అనే అంటారు, కాకపోతే చేతికి వేసుకునేదాన్ని వాళ్ళు బళె అంటారు. మరాఠీ, గుజరాతీల్లో కాచ్, హిందీలో కాంచ్. ఇవన్నీ ఒకే కుటుంబం.

కాచ శబ్దం చాలా పాతది. శతపథ బ్రాహ్మణం అనే వైదిక గ్రంథంలో అశ్వమేధ ఘట్టంలో రాణులు గుర్రం జూలులోనూ తోకలోనూ కాచాలు గుచ్చుతారు. అక్కడ గాజుపూసలు అని అర్థం చెప్పేవాళ్ళున్నారు, ముత్యాలని అనువదించినవాళ్ళూ ఉన్నారు. అమరకోశం 'క్షారః కాచః' అని రెండిటినీ పర్యాయపదాలుగా ఇస్తుంది. ఇది పటంలో తప్పకుండా పెట్టించండి, ఎందుకంటే గాజు తయారీ రహస్యం ఆ రెండు మాటల్లోనే ఉంది. ఇసుక ఒక్కటే కరగాలంటే దాదాపు 1,700 డిగ్రీల సెల్సియస్ కావాలి. కట్టెల కొలిమికి అది అందదు. క్షారం, అంటే సోడా, కలిపితే అంతకంటే చాలా తక్కువ వేడికే కరుగుతుంది. అయితే ఇసుక, సోడా మాత్రమే ఉన్న గాజు నీళ్ళలో కరిగిపోతుంది. సున్నం కూడా చేరితేనే నిలుస్తుంది. ఇవాళ కిటికీలకీ సీసాలకీ వాడే మామూలు గాజులో సుమారు 70 నుంచి 74 శాతం సిలికా, 12 నుంచి 16 శాతం సోడా, మిగతాదాంట్లో ఎక్కువ భాగం సున్నం. మన దేశంలో పాతకాలపు గాజుకు సోడా చౌడునేలల నుంచే వచ్చేది. క్షారమూ కాచమూ ఒకటేనన్న కోశకారుడి మాటకు అలా కొలిమి దగ్గర అర్థం దొరుకుతుంది.

కాచ శబ్దానికి ఆయుర్వేదంలో ఇంకో అర్థం ఉంది: చూపు మందగించే ఒక కంటిజబ్బు. మరాఠీలో ఈనాటికీ గ్లకోమాను కాచబిందు అంటారు. మన జీవశాస్త్ర పాఠంలో కంటి గుడ్డులో 'కాచావత్ కక్ష్య' అని ఉంటుంది కదా, అది గాజులాంటిది అనే అర్థంలో ఇంగ్లీషు పదాన్ని చూసి పెట్టిన పేరు. ఆ ఇంగ్లీషు పదమూ లాటిన్లో గాజు అనే మాట నుంచి వచ్చిందే. దాని సంగతి కింద చెబుతాను.

ఇక పదార్థం పేరు నగకు అంటుకోవడం. ఈ నేల మీద సామాన్యులు గాజును ముట్టుకున్నది ఎక్కువగా పూసల రూపంలో, చేతి గాజుల రూపంలో. కిటికీలకు అద్దాలు బిగించడం చాలా తర్వాతి మాట. తిరుపతి దగ్గర పాపానాయుడుపేటలో గాజును సాగదీసి పూసలు చేసే పద్ధతి ఉంది. కరిగిన గాజు ముద్ద లోపలికి గొట్టంలాంటి ఇనుప కడ్డీ దూర్చి, ముద్ద కొస పట్టుకుని లాగుతూ పోతారు. సన్నటి, బోలు గాజుపుల్ల వస్తుంది. దాన్ని చిన్న ముక్కలు కోసి, బూడిదలో కలిపి మళ్ళీ వేడి చేస్తే అంచులు నునుపెక్కి పూసలవుతాయి. బూడిద దేనికంటే, ముక్కలు ఒకదానికొకటి అతుక్కోకుండా, చిల్లులు మూసుకుపోకుండా. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో రెండు వేల ఏళ్ళ కిందట చేసిన పూసలూ ఇలా సాగదీసినవే. పరిశోధకులు వీటిని ఇండో పసిఫిక్ పూసలంటారు, ఎందుకంటే ఈ రకం ఆగ్నేయాసియా దాకా దొరుకుతుంది. నల్లపూసల గొలుసు వేసుకునే ఇంట్లో పుట్టిన పిల్లకు ఈ ముక్క బాగా నచ్చుతుందనుకుంటున్నాను.

అలా ఇంటింటా కనిపించే గాజు వస్తువు చేతికి వేసుకునేదే కావడంతో పేరు దానిమీద స్థిరపడింది. ఎంతగా అంటే ఇప్పుడు బంగారు గాజులు, ప్లాస్టిక్ గాజులు, చార్మినార్ దగ్గర లాడ్ బజార్లో లక్క గాజులు. మరి అసలు గాజుతో చేసినవాటిని ఏమనాలి? 'గాజు గాజులు' అని ఎవరూ అనరు. మట్టి గాజులు అంటాం. పదార్థం తన పేరును నగకు ఇచ్చేసి, తనకోసం ఇంకో పేరు వెతుక్కుంది. మట్టి అని ఎందుకన్నారో నాకు తోచింది చెబుతాను: చౌడుమట్టి, ఇసుక కరిగించి చేసిన సరుకు కాబట్టి, పక్కన బంగారం, వెండి ఉన్నాయి కాబట్టి ఆ పేరు అతికినట్టుంది. ఇది ఊహ, పటంలో పెడితే ఊహ అనే రాయించండి.

గ్లాసు వైపు వస్తే, పాత ఇంగ్లీషులో గ్లాస్, జర్మన్‌లో గ్లాస్, డచ్చిలోనూ గ్లాస్. వీటన్నిటికీ వెనక ఉన్న జర్మానిక్ మాటకు మొదటి అర్థం అంబర్ అయ్యుండవచ్చు. అంబర్ అంటే చెట్టు బంక గట్టిపడి రాయిలా మారిన పసుపుపచ్చ పదార్థం. రోమన్ రచయితలు ఇద్దరు దీనికి సాక్ష్యం ఇచ్చారు. జర్మన్ తెగలు అంబర్‌ను గ్లేసుమ్ అంటారని, రోమన్ సైనికులు దాన్నిబట్టి ఒక దీవిని గ్లేసారియా అన్నారని ప్లినీ రాశాడు. బాల్టిక్ తీరం వాళ్ళ నోట అదే మాటను టాసిటస్ క్రీ.శ. 98లో నమోదు చేశాడు. మెరుస్తూ, వెలుగును తనలోంచి పోనిచ్చే కొత్త సరుకు వచ్చినప్పుడు, అప్పటికే తెలిసిన అలాంటి వస్తువు పేరు దానికి పెట్టారన్నమాట.

ఎక్కువ నిఘంటువులు ఈ మాటను ఇంకా వెనక్కి, సంస్కృతానికీ ఇంగ్లీషుకూ ఉమ్మడి పూర్వీకురాలైన ఇండో యూరోపియన్ భాషలోని 'ఘెల్' అనే ధాతువు దాకా తీసుకెళ్తాయి. దాని అర్థం మెరవడం, పసుపు, ఆకుపచ్చ. గోల్డ్, యెల్లో దాని పిల్లలే. గ్రీకులో లేత ఆకుపచ్చ అనే మాట కూడా అక్కడిదే, దాన్నుంచి క్లోరిన్, క్లోరోఫిల్ వచ్చాయి. సంస్కృతంలో ఆ ధాతువులోని మొదటి హల్లు 'హ' అయింది. అంటే గ్లాసుకు సంస్కృతంలో చుట్టాలు హరి, హరితం, హిరణ్యం, హరిద్ర. వంటింట్లో పసుపు డబ్బా, దాని పక్కన గ్లాసు దూరపు బంధువులు. గాజు మాత్రం ఆ గ్లాసుకు ఏమీ కాదు.

కాదని ఎలా తెలుసు? ఇదే అసలు కిటుకు, ప్రాజెక్టులో ఇదొక్కటి వివరించినా చాలు. ఇంగ్లీషులో పాత 'ఘ' నుంచి వచ్చిన 'గ' ఉన్నచోట సంస్కృతంలో 'హ' వస్తుంది. ఇంగ్లీషు గూస్, సంస్కృతం హంస: ఒకే మాట, రెండు రూపాలు. అటునుంచి చూస్తే, సంస్కృతంలో 'క' ఉన్నచోట ఇంగ్లీషులో 'హ' రావాలి. సంస్కృతం కః, ఇంగ్లీషు హూ. కాబట్టి కాచానికి ఇంగ్లీషులో తోబుట్టువు ఉండి ఉంటే అది హ తో మొదలయ్యేది, గ తో కాదు. పైగా గాజులోని 'గ' దక్షిణాదిలో వచ్చిన మార్పు. పాత రూపంలో అది లేనే లేదు. ఈనాటి రూపాలను పక్కపక్కన పెట్టి చూస్తే మోసపోతాం. రెండిటి పాత రూపాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

మన నోట్లో గ్లాసు అనే మాట ఎలా స్థిరపడిందో కూడా రెండు ముక్కలు. హల్లుతో ముగిసే ఇంగ్లీషు మాటకు తెలుగు చివర 'ఉ' చేరుస్తుంది. ముందున్న అచ్చు పొట్టిదైతే హల్లు రెట్టిస్తుంది: బస్సు, పెన్ను, కప్పు. అచ్చు పొడవైతే రెట్టించదు: గ్లాసు, క్లాసు, కారు. మొదట్లో 'గ్ల' పలకడం కష్టమైనవాళ్ళు మధ్యలో అచ్చు పెట్టి గలాసు అన్నారు. హిందీ, ఉర్దూల్లో గిలాస్ కూడా అదే అవసరం కొద్దీ వచ్చింది. వచ్చిన మాటకు మనం చెంబెడు, దోసెడు వరసలో గ్లాసెడు అనే కొలత కూడా చేసుకున్నాం.

   

ఇంగ్లీషులో ఆ మాటకు ఉన్నన్ని అర్థాలు తెలుగు గ్లాసుకు రాలేదు. అక్కడ అది పదార్థం, పాత్ర, అద్దం, కటకం, దూరదర్శిని, బహువచనంలో కళ్ళజోడు, ఓడవాళ్ళ నోట గాలి ఒత్తిడి కొలిచే సాధనం, ఇసుక గడియారం కూడా. మనం పాత్ర అర్థం ఒక్కటే పట్టుకున్నాం, మిగతావాటికి మనకు వేరే మాటలు ముందే ఉన్నాయి. దూరదర్శినికి దుర్బిణి, పారసీకంలో 'దూరం చూసేది' అని. పెద్దదిగా చూపేదానికి భూతద్దం. కళ్ళజోడుకు కళ్ళద్దాలు, తెలంగాణలో చాలామంది చష్మా అంటారు, అది కన్ను అనే పారసీక మాట నుంచి. పాత్ర అర్థమే పట్టుకున్నాం కాబట్టే స్టీలు గ్లాసులో మనకు ఏ వింతా తోచదు, గాజు గ్లాసు అన్నా చెప్పిందే చెప్పినట్టు అనిపించదు. జనసేన పార్టీ ఎన్నికల గుర్తును అందరూ గాజు గ్లాసు అనే అంటారు, గ్లాసు అని ఊరుకోరు.

అద్దం కథ దీనికి పూర్తిగా ఎదురు దిశలో నడిచింది. నాకు ఈ మూడు మాటల్లో ఇదే ఎక్కువ ఇష్టం. సంస్కృతంలో ఆదర్శము అంటే చూసుకునేది, ముఖం కనిపించేది. ప్రాకృతంలో అద్దాగ, అద్దాఅ అనే రూపాలున్నాయి, మన అద్దం ఆ వరసలోనిదే. ఆ కాలపు అద్దాలు గాజువి కావు, నునుపుగా తోమిన లోహపు పలకలు. కేరళలో ఆరన్ముళ అద్దాన్ని ఇప్పటికీ రాగి, తగరం కలిపిన లోహంతోనే చేస్తారు. అంటే అద్దం అనే మాటకు పుట్టుకలో గాజుతో సంబంధమే లేదు. గాజు వెనక తగరం–పాదరసం పూత పూసిన అద్దాలు, తర్వాత 1835లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ చూపిన వెండిపూత పద్ధతితో చేసినవి ఇళ్ళలోకి వచ్చాక, ఆ పేరు వస్తువు నుంచి గాజు పలకకు పాకింది. ఇప్పుడు ముఖం కనిపించని పలక కూడా అద్దమే: కిటికీ అద్దం, బస్సు అద్దం, ఫోన్ మీద అద్దం. గాజు పదార్థం నుంచి వస్తువుకు వెళ్ళింది, అద్దం వస్తువు నుంచి పదార్థానికి వచ్చింది. తిరుమల ఆలయంలో ఒకే చోటును అద్దాల మండపం అనీ అయినా మహల్ అనీ అంటారు. అయినా అంటే పారసీకంలో అద్దమే.

ఇంకో చిత్రం కటకం. భౌతికశాస్త్రం పుస్తకంలో కుంభాకార కటకం, పుటాకార కటకం అని చదువుతారు కదా. సంస్కృతంలో కటకం అంటే చేతి కడియం. గాజు అనే పదార్థం చేతి నగ అయితే, చేతి నగ పేరు గాజుతో చేసే కటకమైంది.

అనువాదం చేసేవాళ్ళు, పిల్లలకు వ్యాసాలు దిద్దేవాళ్ళు ఎక్కువగా తప్పటడుగు వేసేది గాజు, అద్దం అనే మాటల దగ్గరే. పదార్థం ముఖ్యమైతే గాజు: గాజు సీసా, గాజు ఫ్యాక్టరీ, రోడ్డు మీద గాజు పెంకులు. పలకగా బిగించి ఉంటే అద్దం: అద్దాల తలుపు, కారు అద్దం పగిలింది. 'గాజు తలుపు' అని రాస్తే తప్పు కాదు గానీ చదివేవాడికి అనువాదం వాసన వస్తుంది. అద్దాలు కోసి అమ్మే షాపుకు వెళ్ళి గాజు కావాలి అంటే ఫ్యాన్సీ షాపుకు దారి చూపిస్తారు. అక్కడ '5 ఎంఎం గ్లాస్' అనో అద్దం అనో అడగాలి.

పోలిక చూసి కలపకూడనివి కొన్ని ఉన్నాయి, పటంలోకి ఇవి సులువుగా దూరతాయి:

గాజుగుడ్డ. పుండుకు కట్టే పలచటి గుడ్డ. ఇది ఇంగ్లీషు గాజ్ నుంచి వచ్చింది, గాజుతో ఏ సంబంధమూ లేదు.

సీసం, సీసా. సీసం అనే లోహం సంస్కృతం. సీసా పారసీక శీశా, అంటే గాజు, గాజు బుడ్డి. ఇది కూడా పదార్థం పేరు పాత్రకు అంటుకున్నదే, అందుకే ప్లాస్టిక్ సీసా అనగలుగుతున్నాం. మెరుపు కోసం కొన్ని రకాల గాజులో సీసం కలుపుతారు కాబట్టి ఈ గందరగోళం ఇంకా పెరుగుతుంది.

గ్లేసియర్, అంటే హిమానీనదం. మంచుకు లాటిన్లో ఉన్న మాట నుంచి వచ్చింది, గ్లాసు నుంచి కాదు. గ్లకోమా కూడా వేరే గ్రీకు మాట. పింగాణీ మీద వేసే నిగనిగల పూత, గ్లేజ్ మాత్రం నిజంగా గ్లాస్ బిడ్డే.

లాటిన్లో గాజును విట్రుమ్ అంటారు. ఆ మాట మన ఇళ్ళలోకి వేరే దారుల్లో వచ్చింది. నేల మీద పరిచే విట్రిఫైడ్ టైల్స్ అంటే గాజులా అయ్యేదాకా కాల్చినవి, నీళ్ళు పీల్చకపోవడానికి కారణం అదే. రైతులు వాడే మైలతుత్తాన్ని ఇంగ్లీషులో నీలి విట్రియోల్, అన్నభేదిని పచ్చ విట్రియోల్ అనేవారు, ఆ పలుకులు గాజులా మెరుస్తాయి కాబట్టి. శరీరం బయట పిండాన్ని రూపొందించే ఐవీఎఫ్‌ పేరులో మధ్య అక్షరం కూడా అదే: 'ఇన్ విట్రో' అంటే గాజులో. ఇప్పుడు ఆ పని ఎక్కువగా ప్లాస్టిక్ పళ్ళేల్లో జరుగుతుంది, పేరు మాత్రం గాజుదే. స్టీలు గ్లాసు కథ ప్రయోగశాలలోనూ నడిచిందన్నమాట.

శాస్త్రవేత్తలు గ్లాసు అనే మాటను ఇంకా విస్తరించారు. కరిగినది చల్లారుతూ, అణువులు వరసగా సర్దుకునేలోపే గట్టిపడిపోతే అది ఏ పదార్థమైనా వాళ్ళ లెక్కలో గ్లాసే. దీన్ని పిల్లలకు చక్కెరతో చూపించవచ్చు. పటికబెల్లం చక్కెర స్ఫటికం, అందులో అణువులు వరసలో ఉన్నాయి. పీచుమిఠాయి చక్కెర గాజు, కరిగిన చక్కెర గాల్లోనే ఒక్కసారిగా చల్లారి గట్టిపడింది. చెమ్మ తగిలితే జిగటగా కుంగిపోవడం దానివల్లే. పటిక అనే మాట స్ఫటికం నుంచి వచ్చిందే కాబట్టి పేరులోనే సంగతి ఉంది. ఈ లెక్కన షాపుల్లో 'క్రిస్టల్' అని అమ్మే మెరిసే గ్లాసులు స్ఫటికాలు కావు, మంచి గాజు మాత్రమే.

గాజు చాలా నెమ్మదిగా కారే ద్రవమని, పాత చర్చి కిటికీల అద్దాలు కింద మందంగా ఉండటమే దానికి రుజువని చాలాచోట్ల రాస్తుంటారు. అది పటంలో పెట్టించకండి. ఆ రోజుల్లో గాజును గుండ్రంగా తిప్పి పలకలు చేసేవారు, మందం సమంగా వచ్చేది కాదు. గది వేడిలో గాజు కారదు.

పటం గీసేటప్పుడు మూడు చెట్లు విడివిడిగా వేయించండి. ఒకటి కాచము నుంచి గాజు, కాంచ్, కాచ్, కాచావత్. రెండోది ఘెల్ నుంచి ఒక కొమ్మకు గోల్డ్, గ్లాస్, గ్లాసు, గిలాస్, ఇంకో కొమ్మకు హరి, హిరణ్యం, హరిద్ర. మూడోది ఆదర్శము నుంచి అద్దం, భూతద్దం, కళ్ళద్దాలు. సీసా పారసీకం కాబట్టి దానికి పక్కన చిన్న మొక్క చాలు. గాజు, గ్లాసు మధ్య గీత గీయకుండా, అర్థం దగ్గరదని చెప్పడానికి చుక్కల గీత మాత్రం వేయించండి.